డోనల్ గుమ్మం ముందు పస్తు

బహుళ అష్టమి

ఇవాళ నీళ్ళు మందం. అష్టమి నాడు అలాగే ఉంటాయి, సముద్రానికి కూడా పక్షానికోసారి సెలవు కావాలి కదా. సుడి నోరు మూసుకుని పడుంది. ఇదే సందని నేనూ మూరెన్నూ నడుములకు తాళ్ళు కట్టుకుని దిగి, సుడి నీళ్ళతో కరెంటు తీసే చక్రం రెక్కలకు పట్టిన నాచు గీకాం. నాలుగు రెక్కల్లో మూడు అయ్యాయి. నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి మూరెన్ పెదాలు నీలం తిరిగాయి. పైకి పొమ్మంటే పోనంది. తాడు పట్టి లాగేశాను.

చక్రం గదిలో వేడి గొట్టానికి వీపులు ఆనించి కూర్చున్నాం. ఆ గొట్టం పక్కనే మా మిరప మొక్కలు. ఈ ద్వీపాలన్నిటిలో మిరపకాయ కాసే చోటు ఇదొక్కటే. అందుకే జూరా ద్వీపం చక్రం వంశం వాళ్ళకి అంత పొగరని మిగతావాళ్ళు అంటారు. అననీ.

"అమ్మా, రేపు నాలుగోది నేనొక్కదాన్నే గీకేత్తాను. నువ్వు పైనుండి తాడట్టుకో సాలు," అంది.

"ఆయ్, అలాగేనండి మహారాణీగారూ. ముందా ముక్కు తుడుసుకోండి," అన్నాను.

మూరెన్ నా కడుపున పుట్టలేదు. ఉత్తరాన కెరెరా ద్వీపంలో ఉండే లోర్న్ వంశానికి డోనల్ పెద్ద. అతని పెద్దకూతురు ఇది. ఇక్కడ ఏ వంశమూ తన పిల్లల్ని తనే పెంచుకోదు. ఏడేళ్ళు రాగానే ఇంకో వంశం ఇంట పెంపకానికి ఇస్తారు. ఆడపిల్లకు పద్నాలుగు నిండాక వెనక్కి పంపుతారు. బిడ్డ తిని పెరిగిన ఇంటి మీద ఎవడూ కత్తి ఎత్తడని ఆశ. మాకు కరెంటు ఉంది, వాళ్ళకు పడవలున్నాయి, అందుకని పిల్లలు అటూ ఇటూ. మూరెన్ వచ్చిన రోజున దానికి ఒక్క ముక్క తెలుగు రాదు. ఇప్పుడు దానితో పోట్లాడాలంటే నేనే మాటలు తడుముకోవాల్సి వస్తోంది. గడువుకి ఇంకా ఏడాది ఉంది.

మధ్యాహ్నం కెరెరా నుంచి ఏడు బల్లల పడవ వచ్చింది. బల్లకి ఇద్దరు చొప్పున తెడ్లు వేసే పెద్ద పడవ. ఊరికే పలకరించడానికి వచ్చేవాళ్ళు చిన్న పడవలో వస్తారు.

దిగినవాడు పెద్దగా నాన్చలేదు. ఐలా ద్వీపంలోని ఆంగస్ వంశంతో డోనల్‌కి సంధి కుదిరిందట. సంధికి పూచీగా పెద్దకూతుర్ని ఐలాకి పంపుతానని మాట ఇచ్చాడట. పిల్లని తీసుకుపోవడానికి వచ్చారట.

తీసుకుపోయారు. పద్నాలుగు తెడ్ల ముందు నా అరుపులు ఏపాటి?

బహుళ నవమి

చక్రం బాగానే తిరుగుతోంది. నాలుగో రెక్క నేనే గీకాను.

పూచీబిడ్డకి ఏ లోటూ రానివ్వరు. మంచి పక్క, మంచి తిండి, పండగకి కొత్త బట్టలు. సంధి నిలిచినంత కాలం. సంధి తప్పితే, ఆ బిడ్డని తెడ్లు లేని పడవలో కూర్చోబెట్టి సముద్రంలోకి తోసేస్తారు. చంపిన పాపం ఎవరికీ అంటకుండా మిగతా పని నీళ్ళు చూసుకుంటాయి.

కిందటిసారి వెళ్ళింది డోనల్ తమ్ముడి కొడుకు కోనల్. ఆ ఎండాకాలమే డోనల్ ఐలా వాళ్ళ బార్లీ కళ్ళాల మీద పడ్డాడు. కోనల్ పడవ మా సుడి మీదుగానే పోయింది. చక్రం మెట్ల మీంచి తాడు విసిరాను, అందలేదు. ఆ రోజు చిట్టాలో "సుడి ఉధృతం, ఒక పడవ" అని రాశాను. అంతకంటే రాయడం నాకు చేతకాలేదు. తమ్ముడి కొడుకైతే డోనల్ లెక్కచెయ్యలేదు గనక ఈసారి ఐలా వాళ్ళు తమ్ముడి పిల్లలూ అన్న పిల్లలూ కుదరదు, నీ సొంత బిడ్డనే ఇమ్మన్నారు. డోనల్ మాట ఒక ఎండాకాలం దాటి నిలిచింది ఎప్పుడూ లేదు. ఈ సంగతి నాకు తెలుసు, ఐలా వాళ్ళకు తెలుసు, డోనల్‌కి ఇంకా బాగా తెలుసు.

సాయంత్రం మా వంశం పెద్ద ధర్మరాజు బాబాయి దగ్గరికి పోయాను. వలకి ముడులు వేసుకుంటున్నాడు.

"బాబాయ్, రెండ్రోజులు చక్రం ఆపేత్తాను. డోనలు కొంపలో దీపం ఎలగదు. దెబ్బకి దిగొత్తాడు."

ఆయన ముడి పూర్తిచేసి గానీ తల ఎత్తలేదు. "ఆపు. మూడో రోజుకి అన్ని వంశాలోళ్ళూ ఏకమై పడవలేసుకుని మన మీదకొత్తారు. మనల్ని ఇక్కడెందుకుండనిత్తన్నారనుకున్నావు? ఎవడితో ఎంత గొడవైనా మనం చక్రం ఆపం గనక. మన నూకరాజు తాత ఈళ్ళలాగా రాజుల కడుపున పుట్టలేదమ్మా. రెండేళ్ళ కాంట్రాక్టు మీదొచ్చాడు."

ఆ మాట నిజమే. మిగతా వంశాల వాళ్ళు మూలపురుషుడి పేరెత్తితే యుద్ధాలూ కిరీటాలూ చెబుతారు. మా నూకరాజు తాత చక్రం బేరింగులు మార్చడానికి వచ్చాడు. ఆ తర్వాత ఎగిరే విమానాలు ఆగిపోయాయి, పెద్ద దేశాలు ఆగిపోయాయి, ఈయన ఇక్కడే ఆగిపోయాడు.

"మరేం సెయ్యమంటావు? సూత్తా కూకోమంటావా?"

"కూకో. ఇక్కడ కాదు. ఎల్లి డోనలు గుమ్మంలో కూకో. పస్తు."

మా తాతల దేశంలో కూడా పస్తులుండి కోరింది సాధించినవాళ్ళు ఉన్నారంటారు. కానీ అక్కడ కూర్చున్నవాడొక్కడే మాడేవాడట. ఇక్కడి పద్ధతి వేరు. చిన్నవాడు పెద్దవాడి గుమ్మంలో పస్తు కూర్చుంటే ఆ పెద్దవాడు కూడా తినకూడదు. తింటే ఓడిపోయినట్టు. న్యాయమైన బేరం పెడితే కూర్చున్నవాడు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే వాడు ఓడిపోయినట్టు. ఎవరు చూస్తారు అంటే, ప్రతి వంశం పెద్ద గుమ్మం మీదా బ్రెహన్ వేలాడుతూ ఉంటుంది. పిడికిలంత పెట్టె. ఈ ద్వీపాల పాత చట్టాలన్నీ ఎవరో దాని కడుపులో పోశారు. అది వింటుంది, తీర్పు చెబుతుంది. దాని మాట దాటిన వంశంతో మిగతావాళ్ళు ఉప్పు కూడా పంచుకోరు.

డోనల్ మీద నా ఫిర్యాదు గట్టిదే. గడువు లోపల పెంచిన ఇంటి అనుమతి లేకుండా పిల్లని తీసుకుపోకూడదు.

బహుళ ఏకాదశి

ఏకాదశి. పస్తుకి మంచి రోజే.

చక్రం మేనకోడలికి అప్పజెప్పి వచ్చాను. చిట్టా మాత్రం నా వెంటే ఉంది. డోనల్ ఇల్లు రాతిగోడల మీద మట్టీ గడ్డీ కప్పిన పెద్ద ఇల్లు. గుమ్మం ఎత్తు తక్కువ, గొప్పవాడైనా తల వంచి రావాల్సిందే. ఎదురుగా బండ మీద కూర్చుని చెప్పాల్సిన మాటలు చెప్పాను. "బ్రెహన్ వినాలి. నేను డోనల్ మీద పస్తున్నాను. నా మాట తీరేదాకా నాకూ తనకూ అన్నం లేదు."

"ఫిర్యాది పలుకు వింటిని," అంది పెట్టె. "ఈ క్షణము మొదలు ఉభయులును భుజింపరాదు. నీరు త్రాగవచ్చును." దీనికి తెలుగు నేర్పినవాడెవడో పాత సర్కారు ఉత్తర్వులు చదివించి నేర్పి ఉంటాడు.

డోనల్ నోట్లో ముద్దతోనే బయటికొచ్చాడు. బ్రెహన్ ఉమ్మెయ్యమంది. ఉమ్మేశాడు. మనిషి మంచి ఒడ్డూ పొడుగూ, అంతకు మించి పొట్ట. వీళ్ళ భాషలో అన్నవి నేను మా యాసలోనే రాసుకుంటున్నాను. నాకు వచ్చిన యాస అదొక్కటే.

"ఏటమ్మా లోవతల్లీ, ఇదేం మర్యాద? పెద్దోళ్ళింటికొచ్చి ఇలాగా కూకోడం?"

"మా మర్యాదలకేం గానీ, నా పిల్లనంపించెయ్యండి. ఈ పూటే ఎల్లిపోతాను."

"నీ పిల్లా! నే కన్నాను దాన్ని."

"కన్నారు. మరి చలిజొరమొత్తే పెరుగన్నం ఎలా తింటాదో సెప్పండి సూద్దాం."

డోనల్‌కి ఆ సంగతి తెలియదు. ఇక్కడ మేము అన్నం అనేది బార్లీనే, అసలు అన్నం ఎలా ఉంటుందో మాలో ఎవరూ చూడలేదు. ఆయన గొణుక్కుంటూ లోపలికి పోయాడు. మూరెన్‌ని నాకు కనిపించనివ్వలేదు గానీ దాని దగ్గు వినిపించింది. లోపలే ఉంది. ఐలా వాళ్ళ పడవ అమావాస్య ముందు వస్తుందట.

డోనల్ భార్య ఉనా నాకు నీళ్ళు తెచ్చి పెట్టింది. మూరెన్‌కి ముక్కు ఆమెదే వచ్చింది.

బహుళ ద్వాదశి

ఒళ్ళు తేలిగ్గా ఉంది. నీళ్ళు తాగితే పొట్టలో కుండ ఊగుతున్నట్టుంది. వాన సన్నగా పడుతూనే ఉంది.

డోనల్ ఇవాళ తెలివి చూపించాడు. పక్క రేవు నుంచి ఇద్దరు చుట్టాల్ని పిలిపించాడు. అతిథి వస్తే ఇంటి పెద్ద పక్కన కూర్చుని కలిసి తినాలి, అది కూడా చట్టమే. సీల్ మాంసం కాల్చిన వాసన బయటికి కొడుతోంది. నాకు కళ్ళు తిరిగాయి.

లోపలినుంచి బ్రెహన్‌ని అడిగాడు. "అతిథి ధర్మం పెద్దదా, పస్తు పెద్దదా?"

"రెండును పెద్దవే," అంది బ్రెహన్. "అతిథి భుజించును. ఇంటి పెద్ద చెంత కూర్చుండును. మింగరాదు."

చుట్టాలిద్దరూ మర్యాదకి పోయి చాలాసేపు తిన్నారు. డోనల్ పక్కన కూర్చుని "కానివ్వండి, మొహమాటపడకండి" అంటూ ఉంటే గోడకి ఇవతల నేను కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వితే నొప్పి పుట్టింది, అయినా నవ్వాను.

మధ్యాహ్నం ఒక చిన్నపిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది. ముందుపళ్ళు రెండు లేవు. మూరెన్ చెల్లెలట, పేరు బ్రిడీ. ఐదేళ్ళుంటాయి. బండ మీద గులకరాళ్ళు వరసగా పేర్చి, ఒక్కొక్కటే నా ఒళ్ళో వేసింది.

"నీకు ఆకలి ఎప్పుడు అయిపోద్ది?" అని అడిగింది.

"మీ నాన్ననడుగు," అన్నాను.

వెళ్ళి నిజంగానే అడిగింది. లోపల ఏదో గిన్నె కింద పడ్డ చప్పుడైంది.

బహుళ త్రయోదశి

దీన్ని రెండుసార్లుగా రాస్తున్నాను. మొదటి భాగం పొద్దున్నది.

డోనల్ గుమ్మం పట్టుకుని బయటికి వచ్చాడు. పొట్ట వేలాడుతోంది, కళ్ళు లోపలికి పోయాయి. తిండిపోతుకి పస్తు మనకంటే ఎక్కువ నొప్పి. ఆ లెక్క మీదే నేను వచ్చాను.

"బ్రెహన్ వినాలి, బేరం పెడతన్నా," అన్నాడు. "మూరెన్‌ని లోవతల్లి తీసుకుపోవచ్చు. గడువయ్యేదాకా అట్టే పెట్టుకోవచ్చు. దాని బదులు చిన్నదాన్ని ఐలాకి పంపుతాను. అదీ నా సొంత బిడ్డే, ఆంగసోళ్ళు కాదనరు."

నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడ్డ ఉనా చెంబుతో సహా లోపలికి వెళ్ళిపోయింది.

"ప్రతిపాదన న్యాయమైనది," అంది బ్రెహన్. "ఫిర్యాది ఏమనును?"

ఇక్కడ ఇంకేదో రాయాలని ఉంది గానీ, జరిగింది జరిగినట్టు రాయకపోతే చిట్టా ఎందుకు? నేను ఒప్పుకున్నాను. ఆట్టే ఆలోచించలేదు. ఒప్పుకోకపోతే మూరెన్ పోతుంది, ఒప్పుకుంటే ఉంటుంది. బ్రిడీ నా పిల్ల కాదు. దాని గులకరాళ్ళు ఇంకా నా కొంగులో ఉన్నాయి, అయినా అది నా పిల్ల కాదు. "ఒప్పుకున్నాను" అని పైకే చెప్పాను. నా గొంతు బాగానే పలికింది.

"ఉభయుల పస్తు ముగిసినది," అంది బ్రెహన్.

డోనల్ లోపలికి పరిగెత్తాడు. ఎవరో నాకు బార్లీ సంకటి గిన్నె తెచ్చి ఇచ్చారు, పైన ఎండు చేప ముక్క. పక్కనే మూరెన్‌కి కూడా ఒక గిన్నె పెట్టారు. నా సంచీలోంచి మిరపపొడి తీసి రెండిటి మీదా చల్లాను.

రెండో భాగం.

మూరెన్ బయటికొచ్చింది. జుట్టు లోర్న్ పద్ధతిలో ఎవరో బిగించి అల్లారు, నుదురు లాగేసినట్టుంది. దాన్ని చూసేసరికి నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే రమ్మని పక్కన చోటు చూపించాను. కూర్చోలేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"చెల్లిని పంపడానికి ఒప్పుకున్నావంటగా."

"ముందు తిను. పడవ సిద్ధం సేత్తన్నారు. దార్లో మాట్టాడుకుందాం."

"నేను తినను."

"ఇదొకటా ఇప్పుడు."

అప్పుడది చేతులు కట్టుకుని అంది. "బ్రెహన్ వినాలి. నేను మా అమ్మ మీద పస్తున్నాను. తను ఒప్పుకున్న మాట వెనక్కి తీసుకోవాలి. నా మాట తీరేదాకా నాకూ తనకూ అన్నం లేదు."

నేను నవ్వాను.

ఈ ద్వీపాల పిల్లలందరూ ఆడే ఆటే అది. మూరెన్ మా ఇంట్లో ఈ మాట వందసార్లు అని ఉంటుంది. పడవ ఇవ్వనన్నందుకు పస్తు, సుడి దగ్గరికి పోనివ్వనందుకు పస్తు, తల దువ్వేటప్పుడు చిక్కు లాగినందుకు పస్తు. నేనెప్పుడూ బతిమాలలేదు. దాని గిన్నె కూడా లాక్కుని, ఎదురుగా కూర్చుని లొట్టలేసుకుంటూ తినేదాన్ని. "నువ్వు తినకపోతే నాకే మంచిది, రెండో వాటా" అనేదాన్ని. కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత నవ్వొచ్చి, నా చేతిలో గిన్నె లాక్కునేది. అలిగిన పిల్లని ఏ తల్లయినా అలాగే దారిలోకి తెచ్చుకుంటుంది. అది అలకే అనుకున్నాను. ఇన్ని రోజులు ఆ పెట్టె కిందే కూర్చుని కూడా, నా మీద నా పిల్లకి ఒక ఫిర్యాదు ఉండొచ్చనీ, ఆ పెట్టె దాన్ని వింటుందనీ నా బుర్రకి తట్టలేదు.

"నువ్వు తినకపోతే నాకే మంచిది," అన్నాను. దాని గిన్నె దగ్గరికి లాక్కున్నాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, దాన్ని నవ్వించాలని లొట్ట వేసి మరీ మింగాను.

మూరెన్ నవ్వలేదు. దాని కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

"ప్రతివాది భుజించినది," అంది బ్రెహన్. "తీర్పు మూరెన్ పక్షము. లోవతల్లి అంగీకారము రద్దయినది. న్యాయమైన ప్రతిపాదనను ఫిర్యాది నిరాకరించినట్లయినందున, డోనల్ మీది ఫిర్యాదును కూడ కొట్టివేయడమైనది. పెద్ద కుమార్తె ఐలాకు పోవును."

డోనల్ లోపలినుంచి ఒక్క నవ్వు నవ్వాడు. ఎవరూ అందుకోకపోయేసరికి ఆపేశాడు.

బహుళ చతుర్దశి

పడవ ఎక్కేముందు మూరెన్‌తో కాసేపు మాట్లాడనిచ్చారు. పడవల పాక వెనక కూర్చున్నాం. దాన్ని ఒక్కటి కొట్టాలనిపించింది. ఓపిక లేదు.

"నేను తింటానని ముందే తెల్సా నీకు?"

"తెల్సు. నువ్వెప్పుడు తినలేదు గనక?"

"తినకపోతేనో?"

"తినకపోతే ఇద్దరం ఆ బండ మీదే సచ్చిపోదుమమ్మా. నీకు మొండెక్కువ."

"నోరు తెరిచి అడగొచ్చు కదే. ఇలా ఒప్పుకోకమ్మా అని."

"అడిగితే మానేద్దువా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. "మానను," అన్నాను.

"మరింకేటి."

కాసేపు ఇద్దరం గాలిని తిట్టుకున్నాం, జుట్టు కళ్ళలో పడుతోందని. ఆ లోర్న్ జడ విప్పేసి మామూలుగా అల్లాను. చిక్కు లాగినా ఏమీ అనలేదు.

"బ్రిడీకి ఈత రాదు," అంది. "నాకొచ్చు. ఏ తిథికి నీళ్ళ మొహం ఎటుంటాదో తెల్సు. సుడి ఎప్పుడు నోరు మూత్తాదో తెల్సు. తెడ్లు లేకపోయినా చేతులుంటాయి కదా. దాన్ని ఆ పడవలో కూకోబెడితే అదేం సేత్తాదమ్మా, రాళ్ళు పేర్చుకుంటాది."

మిరపపొడి సంచీ మొత్తం ఇచ్చేశాను. ఐలా వాళ్ళ వంటలు చప్పగా ఉంటాయట.

దాన్ని పంపించినందుకు నా గుండె ముక్కలైంది. రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను, అది నన్ను ఓడించిన తీరు చూసి కొంచెం గర్వంగా కూడా ఉంది.

శుద్ధ షష్ఠి

చక్రం బాగానే తిరుగుతోంది. ఈ వారం ఏమీ రాయలేదు, రాయడానికేమీ లేదు. మిరపకి తెగులు వచ్చింది, బూడిద చల్లాను.

ఇవాళ చేపలవాడొకడు కెరెరా మీదుగా వచ్చాడు. డోనల్ పడవలకి తారు పూయిస్తున్నాడని చెప్పాడు. ఇరవై ఇళ్ళకి రెండు పడవల చొప్పున పంపమని లోర్న్ అంతటా కబురు పోయిందట. ఐలాలో బార్లీ కోతకొచ్చింది. సంధి కుదిరి నెలయినా కాలేదు.

ధర్మరాజు బాబాయి గుమ్మానికి వెళ్ళి మా బ్రెహన్‌నే అడిగాను. పెంచిన బిడ్డ ప్రాణం మీదికి తెచ్చేవాడి మీద పస్తు కూర్చోవచ్చా? ఆ బిడ్డ ఇప్పుడు నా ఇంట్లో లేదు కదా?

"కూర్చుండవచ్చును," అంది. "పెంచిన తల్లికి ఆ హక్కు గడువు ముగిసిన పిదపయు కలదు."

"ఎల్లు," అన్నాడు బాబాయి. "ఈసారి సలికి దుప్పటొకటట్టుకెల్లు."

శుద్ధ సప్తమి

మళ్ళీ అదే బండ. ఏడు బల్లల పడవలు ఒడ్డు మీద బోర్లించి ఉన్నాయి, తారు కంపు. తెడ్లు వేసే కుర్రాళ్ళంతా మూగారు. మాటలు చెప్పాను. డోనల్ ఐలా మీదికి పడవలు దింపనని బ్రెహన్ ముందు మాట ఇవ్వాలి. ఇచ్చేదాకా నాకూ తనకూ అన్నం లేదు.

డోనల్ చేతిలో తారు కుంచెతో వచ్చాడు. ఈసారి పొద్దున్నే కడుపు నిండా తిని ఉన్నాడు, మొహం చూస్తే తెలుస్తోంది.

"మళ్ళీ వచ్చావా? కిందటిసారి సూశాం కదమ్మా నీ పస్తు! పక్కోళ్ళ గిన్నె కూడా లాక్కుని తిన్నావు."

కుర్రాళ్ళు పడీ పడీ నవ్వారు. నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టైంది. అతనన్న మాట నిజమే.

"ఒక్కత్తివి ఎన్నాళ్ళు కూకుంటావు? కోతలయ్యేదాకానా? నాకు పదిమంది వండి పెడతారు, ఎవడో ఒకడు నీ కళ్ళు మూతపడ్డప్పుడు నాకో ముద్ద అందించకపోతాడా?" అన్నాడు.

"అందుకున్న ముద్ద నాకు వినబడును," అంది బ్రెహన్. మళ్ళీ నవ్వులు, ఈసారి డోనల్ మీద.

అప్పుడు ఉనా బయటికొచ్చింది. లోపల పొయ్యి మీద ఏదో వండుతూ వచ్చినట్టుంది, చేతులకి పిండి. చేతులు పావడాకి తుడుచుకుంది. బ్రిడీ వెనకే వస్తే లోపలికి పొమ్మని పంపేసింది. తర్వాత బ్రెహన్ వైపు తిరిగి, ఆమె నోట నేను మొదటిసారి విన్న మాటలు చెప్పింది. మెల్లగా, ఒక్కటీ తప్పు పోకుండా. "బ్రెహన్ వినాలి. నేను నా భర్త మీద పస్తున్నాను."

కుర్రాళ్ళు నవ్వడం మానేశారు. వాళ్ళలో ఒకడు తెడ్డు కింద పెట్టేశాడు.

"ఏటే ఇది?" అన్నాడు డోనల్. "నీకేటొచ్చింది? లోపలికి నడు."

ఉనా నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"జరుగు," అంది.

జరిగాను. దుప్పటి ఇద్దరికీ సరిపోలేదు, ఆమె వైపు ఎక్కువ లాగాను. ఆమె భుజం నా భుజానికి ఆనింది, పని చేసి గట్టిపడ్డ భుజం.

"ఫిర్యాదీలు ఇద్దరు," అంది బ్రెహన్.

డోనల్ ఒకసారి పడవల వైపు చూశాడు, ఒకసారి మా వైపు చూశాడు. కుంచె మీంచి తారు బొట్లు బొట్లుగా అతని కాళ్ళ మీద పడుతోంది. కాసేపటికి లోపలినుంచి మాడు వాసన వచ్చింది. మేమిద్దరం లేవలేదు.